ఎదుటోళ్ళ తపేలా

మా వంటింటి అటక మీద దుమ్ములో గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. పది రోజుల క్రితం దాకా అక్కడ ఒక ఇత్తడి తపేలా ఉండేది. పదిమందికి అన్నం ఉడికే తపేలా అది. ఒక పక్క చిన్న సొట్ట, అంచు కింద మా నాన్న పేరులోని మొదటి రెండు అక్షరాలు. దాన్ని నేనే దించి, కడిగి, అందులో అన్నం వండి, కళింగపట్నం దగ్గర మా ఊళ్ళో ఉన్న మా అక్క ఇంటికి పట్టుకెళ్ళాను. అక్క పోయిన రోజది. ఆ రోజు నుంచీ నాది ఒకటే కోరిక, ఆ తపేలా నాకు తిరిగి రాకూడదని. పోయిన వస్తువు దొరకాలని దేవుడికి దండం పెట్టుకునేవాళ్ళు ఉంటారు గాని, ఇచ్చిన వస్తువు వెనక్కి రావద్దని దండం పెట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. రేపు పదకొండో రోజు. వస్తే రేపే వస్తుంది. చేతులు ఊరుకోక ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఆ తపేలా సంగతి చెప్పాలంటే మా ఊరి పార్టీల గురించి చెప్పాలి, నేను శ్రీకాకుళంలో డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళపాటు చెప్పిన అమెరికా పాఠం గురించి కూడా చెప్పాలి. ఆ రెండింటికీ ఏం సంబంధమని నేనూ చాలాకాలం అనుకున్నాను.

మా ఊళ్ళో రెండు వీధులు, రెండు పార్టీలు. పైవీధి మాది, కిందవీధి వాళ్ళది. ఏ పార్టీది ఏ జెండా అని అడిగితే చెప్పలేను, అది ఎన్నిక ఎన్నికకీ మారిపోయేది. మావాళ్ళు ఒకటి పట్టుకున్నారని తెలియగానే వాళ్ళు రెండోది పట్టుకునేవారు. ఒక్కోసారి వాళ్ళు తొందరపడి ముందే పట్టుకుంటే, మావాళ్ళు అంతకుముందు ఛీ అని పారేసిన జెండానే దులిపి కర్రకి కట్టేవారు. టీ దుకాణాలు రెండు, క్షవరం చేసేవాళ్ళు ఇద్దరు, వంశధార రేవులో దిగే చోట్లు రెండు. గోగుకట్టలు నానబెట్టే చెరువుకి కూడా ఈ గట్టు మాది, ఆ గట్టు వాళ్ళది. నీళ్ళు మాత్రం ఒకటే, నార కుళ్ళిన కంపూ ఒకటే. వానలు వెనకబట్టాక ఆ కంపు రెండు వీధుల్లోనూ సమానంగా తిరిగేది. సముద్రం గాలి మళ్ళితే దాని మీద ఎండుచేపల వాసన వచ్చి కూర్చునేది. ఇప్పటికీ నాకు రాజకీయాలు అనగానే ముందు ముక్కుకి తగిలేది ఆ రెండు వాసనలే.

మా నాన్న పొద్దున్నే చోడంబలి, అదే రాగిజావ, తాగి, మూతి తుడుచుకుని, అరుగు మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన చేతిలో మద్రాసు నుంచి ఉచితంగా వచ్చే అమెరికా వాళ్ళ రంగుల పత్రిక ఉండేది. ఒక్కో ముక్కా కూడబలుక్కుని చదివి, మా నాయనమ్మకి అర్థం చెప్పేవాడు. ఆవిడ అడ్డచుట్ట మనిషి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పొగ ఎటు పోతోందో తెలియనివ్వకుండా కూర్చుని, అన్నింటికీ తలాడించేది. మాకు అమెరికా పత్రిక వస్తోందని తెలిసిన నెల్లాళ్ళలో కిందవీధి పెద్దమనిషి రష్యా వాళ్ళ పత్రిక తెప్పించాడు. అంతే, ఊరు మొత్తం అలా చీలిపోయింది. మా వీధి పిల్లల పుస్తకాల అట్టలు అమెరికా కాగితం, వాళ్ళ వీధి పిల్లలవి రష్యా కాగితం. అట్ట చూసి మేష్టరు ఏ వీధి పిల్లాడో చెప్పేసేవారు. నాయనమ్మ ఒకసారి రెండు పత్రికల బొమ్మలూ ఒళ్ళో పెట్టుకుని చూసింది. అందులోనూ గోధుమ చేను, ఇందులోనూ గోధుమ చేనే. అందులోనూ ట్రాక్టరు మీద ఎర్రటి మనిషి నవ్వుతున్నాడు, ఇందులోనూ నవ్వుతున్నాడు. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి, వీళ్ళిద్దరూ అన్నదమ్ములేటి అని అడిగింది. నాన్నకి కోపం వచ్చి ఆ పూట అన్నం తినలేదు.

నాకంటే అయిదేళ్ళు పెద్దది మా అక్క, అప్పలనరసమ్మ. ఒక ఏడు బడి తెరిచాక దాని లెక్కల పుస్తకానికి రష్యా అట్ట కనిపించింది. నాన్న చూసి అదెక్కడిదని అడిగితే, దొరికింది అంది. కిందవీధి పెద్దమనిషి కొడుకు రామ్మూర్తి ఇచ్చాడని నాకు తెలుసు, కాని నేను చెప్పలేదు. చెబితే అక్క నాకు మెత్తళ్ళ చేపల వేపుడులో తన వాటా పెట్టదు. ఆ రామ్మూర్తే తరవాత మా బావ అయ్యాడు. అసలు అది జరగనే జరగని పని. పైవీధి పిల్లని కిందవీధికి ఇవ్వడమంటే అప్పట్లో ఏటికి అడ్డంగా గోడ కట్టడం లాంటిదే. అది జరిగింది ఒక తపేలా వల్ల.

మా ఊళ్ళో ఒక రివాజు ఉండేది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ పూట పొయ్యి వెలగదు, ఇది అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే. కాని మా ఊళ్ళో ఆ మొదటి పూట అన్నం సొంతవాళ్ళు తేకూడదు. ఎదుటి పార్టీ ఇంటి నుంచి రావాలి. నాయనమ్మ పోయిన రోజు మధ్యాహ్నం కిందవీధి పెద్దమనిషి భార్య నెత్తి మీద తపేలా, చేతిలో చారు చెంబు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడితే నేను బిత్తరపోయాను. అంతకు వారం క్రితమే చెరువు గట్టు కాడ ఆవిడ మొగుడూ మా నాన్నా ఒకరి తాతల్ని ఒకరు లేపి తిట్టుకున్నారు. ఆవిడ లోపలికి రాలేదు, ఏడవలేదు, ఓదార్చలేదు. తపేలా గడప లోపల పెట్టి వెళ్ళిపోయింది. స్మశానం నుంచి వచ్చిన మగవాళ్ళు తల తుడుచుకుని, మాట్లాడకుండా ఆ అన్నమే తిన్నారు. రాత్రీ పగలూ తిట్టుకునేవాళ్ళ కూడు మనం ఎందుకు తినాలని అమ్మని అడిగాను. అమ్మ చెప్పిన మాట ఇన్నేళ్ళలో ఒక్క అక్షరం కూడా చెరిగిపోలేదు. మా వైపు లేనోళ్ళని నేనోళ్ళనే అంటారు.

"మనోళ్ళు ఏడవాల గదరా. ఏడిసేవోళ్ళు పొయ్యి ఎలిగించనేరు. మన మీద ఏడుపు నేనోళ్ళే ఆ పూట వండగల్రు. అందుకే ఆళ్ళు తెస్తారు."

పదకొండో రోజున ఆ తపేలాని తళతళ తోమి, లోపల ఒక్క పిడికెడు బియ్యం వేసి వెనక్కి పంపాలి. బియ్యంతో పంపితే, మీ అన్నం తిన్నాం, తగువు తగువుగానే ఉంటుంది గాని మనిషికి మనిషి ఉన్నాడని. ఉత్త తపేలా పంపితే ఇక పొగ కూడా కలవదని. మా ఊళ్ళో ఉత్త తపేలా వెళ్ళగా నేను చూడలేదు. మూడోది కూడా ఒకటుంది, అది రివాజులో లేనిది. సొంతవాళ్ళ గిన్నె ఎవరూ తిరిగి పంపరు. పిన్ని ఇంటి గిన్నె మన వంటింట్లో, మన గరిటె మేనత్త వంటింట్లో ఏళ్ళ తరబడి తిరుగుతుంటాయి, ఎవరిదేదో కూడా మరిచిపోతారు. రెండేళ్ళ తరవాత కిందవీధి పెద్దమనిషి పోయినప్పుడు అమ్మ ఈ సొట్ట తపేలాలోనే అన్నం వండి పట్టుకెళ్ళింది. వెంట అక్క చారు చెంబు మోసింది. పదకొండో రోజు వచ్చింది, వెళ్ళింది, తపేలా రాలేదు. నాన్న పళ్ళు కొరికాడు. పదిహేనో రోజున ఆ ఇంటావిడే వచ్చి మా గడప దాటి లోపలికొచ్చి కూర్చుంది. మీ గిన్నె నా ఇంట్లోనే ఉండనీండి, దాంతో పాటు మీ పిల్లని కూడా ఇయ్యండి అంది. నాన్న చాలాసేపు చూరు కేసి చూశాడు. తరవాత అమ్మ మజ్జిగ తెచ్చింది.

అలా నాకు బావ వచ్చాడు. ఊళ్ళో హైస్కూల్లో సోషలు మేష్టరు అయ్యాడు. నేను చదువుకుని శ్రీకాకుళంలో పొలిటికల్ సైన్సు లెక్చరర్నయ్యాను. నాకు చిన్నప్పటి నుంచీ ఆ పార్టీల కంపు మీద రోత. చదువు వస్తే అది పోతుందని, చదువున్న దేశాల్లో అది లేదని గట్టిగా నమ్మాను. అమెరికా రాజకీయాలు నాకు చాలా ఇష్టమైన పాఠం. 'అమెరికా పార్టీలలో సిద్ధాంతం పాత్రను చర్చించుము' అని ఏడు విడిచి ఏడు పరీక్షలో వచ్చేది. దానికి నా దగ్గర నోట్సు సిద్ధంగా ఉండేది. అక్కడ ఏనుగు గుర్తు పార్టీ, గాడిద గుర్తు పార్టీ ఉన్నాయి, రెంటికీ సిద్ధాంతంలో తేడా స్వల్పం, ఎన్నికల్లో ఒకరినొకరు ఎంత దూషించుకున్నా ఓడినవాడు గెలిచినవాడికి అభినందన చెబుతాడు, సాయంత్రం కలిసి భోంచేస్తారు. పిల్లలు దీన్ని అక్షరం పొల్లుపోకుండా రాసి మార్కులు తెచ్చుకునేవారు. ఎచ్చెర్లలో యూనివర్సిటీ పిల్లలకి రెండు మూడుసార్లు చెప్పడానికి పిలిస్తే అక్కడా ఇదే చెప్పాను. మన ఊళ్ళు ఎప్పుడు బాగుపడతాయి అని చివర ఒక నిట్టూర్పు కూడా కలిపేవాణ్ణి. ఆ నిట్టూర్పు నాకు బాగా కుదిరేది.

ఆదివారాలు ఊరెళ్ళేవాణ్ణి. అక్క చేపల పులుసు వండేది. బావా నేనూ కళింగపట్నం తీరానికి నడిచేవాళ్ళం. పడవల పక్కన వలలు ఆరేసిన చోట కూర్చుని నేను అమెరికా గొప్ప చెబుతుంటే బావ చేతికి తగిలిన ఆల్చిప్పలు ఏరుతూ వినేవాడు. ఒకసారి అంతా విని, "బాగుంది గాని, ఆళ్ళల్లో సావొస్తే ఎదుటోళ్ళు అన్నం తెస్తారేట్రా సూరీ?" అని అడిగాడు. నేను నవ్వాను. వాళ్ళకి రాజ్యాంగం ఉంది బావా, తపేలాలతో పనిలేదు అన్నాను. చాలా తెలివైన జవాబు చెప్పాననుకుని ఆ వారమంతా స్టాఫ్ రూమ్‌లో కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇద్దరం రిటైరయ్యాం. ఇద్దరికీ చేతిలోకి ఫోన్లు వచ్చాయి. మొదట బావే నాకు అమెరికా ఎన్నికల వీడియోలు పంపేవాడు, నీ పాఠం సూడు అని. సరదాగానే ఉండేది. ఎప్పుడు మొదలైందో తెలియదు, బావ ఏనుగు పక్కకి జరిగాడు. బావ అటు జరిగాడని నేను గాడిద పక్కకి జరిగానో, నేను ఇటు జరిగానని బావ అటు జరిగాడో ఒట్టేసి చెప్పలేను. మా వీధులు జెండాలు పట్టుకున్న తీరే అది. అప్పట్లో నాకది తట్టలేదు, నాది సిద్ధాంతం అనుకున్నాను. పొద్దున లేస్తే అక్కడి తుపాకుల చట్టం మీద, అక్కడి సరిహద్దు గోడ మీద, అక్కడి పన్నుల మీద మెసేజీలు. మా ఇద్దరికీ తుపాకీ లేదు. ఆ దేశం సరిహద్దు ఎక్కడుందో నాకు మ్యాపులో తప్ప తెలియదు. భోగాపురం విమానాశ్రయం గురించో, మా ఊరి ఏటిగట్టు కోత గురించో తిట్టుకున్నా ఒక అర్థముండేది. అవి మాత్రం మాకు పట్టలేదు. ఫోన్లో ఒక మనిషి అవతలి పక్షాన్ని బండబూతులు తిడుతుంటే నాకు లోపల చల్లగా ఉండేది. బావకీ అలాగే ఉండేదనుకుంటాను, ఆయన వైపు మనిషి తిడుతుంటే. ఆ దేశంలో కూడా అన్నదమ్ములు ఇందుకే మాట్లాడుకోవడం మానేశారని, పండగ భోజనాలకి ఒక బల్ల దగ్గర కూర్చోవడం లేదని ఆ ఫోన్లోనే ఒకరోజు చూశాను. నా నోట్సంతా తప్పని అప్పుడైనా గ్రహించాల్సింది. తప్పు అవతలి పార్టీదని తేల్చుకుని ఆ వీడియో బావకి పంపాను.

ఎచ్చెర్లలో మా మేనకోడలు లక్ష్మి కొత్త ఇంటి గృహప్రవేశం నాడు పంక్తిలో పక్కపక్కనే కూర్చున్నాం. బావతో పని చేసిన మేష్టర్లు, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు చుట్టూ ఉన్నారు. పప్పు వడ్డిస్తుండగా మొదలైన మాట పెరుగు దాకా పెరిగింది. చదువుకున్న గాడిదలు గాడిద పార్టీలోనే ఉంటాయని బావ అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. అదొక హాస్యం, మా మధ్య అంతకంటే మోటు హాస్యాలు నడిచాయి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నువ్వు ఫాసిస్టువి, నీలాంటివాడు ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పడం ఈ జిల్లా చేసుకున్న పాపం అన్నాను. ఆ ఫాసిస్టు మాటకి అర్థమేమిటో, ఆ మాట వెనక ఎంత రక్తం ఉందో క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్పినవాణ్ణి. దాన్ని తీసుకెళ్ళి, నా పెళ్ళికి పందిరి రాటలు తన భుజం మీద మోసినవాడి మొహాన కొట్టాను. బావ విస్తరి మడిచి లేచాడు. చేయి కూడా కడుక్కోలేదు.

"నా ఇంటి కూడు తిన్న నోటితో అనీసినావు. ఇంక నా గుమ్మం తొక్కకు. రావాలంటే ఎదుటోళ్ళు ఎలాగొస్తారో అలాగే రా."

ఆ తరవాత రెండేళ్ళు నేను ఊరెళ్ళలేదు. బావ పొద్దున తీరానికి నడవడానికి వెళ్ళిన వేళ చూసి, పదింటికి అక్క ఫోను చేసేది. ముందు కూరేమిటని అడిగేది. తరవాత తన గుండె మందుల గురించి, మేక ఈనిన సంగతి చెప్పేది. చివరన గొంతు తగ్గించి, ఒక్కసారి వచ్చి పొమ్మనేది. తప్పయిందని ఒక్క మాట అనేస్తే ఆయన కరిగిపోతాడనేది. నేను దానికి కూడా పాఠం చెప్పాను. ఇది నా కోపం కాదక్కా, సిద్ధాంతం అన్నాను. "అదేటో నాకు తెలీదురా. నేను సచ్చిపోనాక వస్తావేటి?" అంది. మామూలుగానే అంది, ఏడవలేదు. వచ్చే నెల వస్తానన్నాను. ఆ నెల అక్కడ అమెరికాలో ఏదో పెద్ద చర్చ నడుస్తోంది, పొద్దస్తమానం దాన్నే చూశాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, నిజం అదే.

పది రోజుల క్రితం పొద్దున ఏడింటికి లక్ష్మి మా ఆవిడ శాంతకి ఫోను చేసింది. అమ్మ లేదత్తా అని ఏడ్చింది. శాంత అయిదు నిమిషాల్లో చీర మార్చుకుని, ఆటో పిలిచి, రండి అంది. నేను కదల్లేదు. ఆ గుమ్మం నన్ను ఎలా రమ్మందో నాకు గుర్తొచ్చింది. ఎదుటోళ్ళు వచ్చినట్టు రమ్మన్నాడు. ఎదుటోళ్ళు తపేలాతో వస్తారు. ఉత్త చేతులతో వెళ్తే బావ నలుగురిలో బయటికి పొమ్మంటాడేమోనని భయం. తపేలాతో వెళ్తే ఎవరూ ఆపలేరు, అది రివాజు. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. అలా వెళ్తే తప్పయిందని అనక్కర్లేదు. తల వంచకుండా గుమ్మం దాకా వెళ్ళే దారి దొరికిందని నా బుర్రలో ఒక మూల సంతోషపడ్డాను కూడా. శాంతని అన్నం వండమన్నాను. ఆవిడ నన్ను చూసిన చూపు నేను మరిచిపోను. "ముందు వెళ్ళి అక్క మొహం చూసుకోండి. మీ పార్టీ వంట నా చేత కాదు" అని ఒక్కతే ఆటో ఎక్కింది.

నేను అటక మీంచి తపేలా దించాను. కొన్నేళ్ళ క్రితం అక్కే అందులో పనసకాయ కూర పెట్టి పంపింది. సొంతవాళ్ళ గిన్నె గదా, మేం తిరిగి పంపలేదు. చింతపండుతో తోమాను. నాకు వంట రాదు. మొదటిసారి అన్నం అడుగంటి మాడింది, ఇల్లంతా కమురు వాసన. చావింటికి మాడిన అన్నం తీసుకెళ్ళకూడదని అది పారేసి, మళ్ళీ తోమి, మళ్ళీ ఎసరు పెట్టాను. చారు కాచాను. ఈ లోపల హాల్లో ఉన్న నా ఫోనుకి శాంత ఏడుసార్లు చేసింది. అంతకు ముందు రోజు నుంచీ అమెరికా చానళ్ళ గంటలు ఒకటే మోగుతుంటే విసుగొచ్చి ఫోను నోరు నేనే నొక్కేశాను. ఏడుసార్లూ నాకు వినిపించలేదు. ఆటో దొరికి, ఒళ్ళో గుడ్డ వేసుకుని దాని మీద వేడి తపేలా పెట్టుకుని, దారిలో ప్రతి గతుకుకీ మూత పట్టుకుంటూ ఊరు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

గుమ్మం ముందు పాడె కట్టిన వెదురు ముక్కలు పడున్నాయి. మగవాళ్ళెవరూ లేరు. శాంత అరుగు మీంచి లేచి వచ్చి, తీసుకెళ్ళిపోయారండీ అంది. ఎన్నిసార్లు ఫోను చేశానో అని తల కొట్టుకుంది. నేను తపేలా పట్టుకుని వాకిట్లో అలాగే నిలబడిపోయాను. దింపడానికి చేతులు రాలేదు. ఏటి వైపు నుంచి తడిబట్టలతో మనుషులు వస్తున్నారు, అందరి కంటే ముందు బావ. రెండేళ్ళలో పదేళ్ళు పెద్దవాడైపోయాడు. నన్ను చూసి ఆగాడు. తరవాత తపేలా చూశాడు. సొట్ట చూశాడు, అంచు కింద అక్షరాలు చూశాడు. ఆ తపేలా ఆయనకి నాకంటే బాగా తెలుసు. నలభై ఏళ్ళపైన ఆయన పెళ్ళాం చేతిలో తిరిగిన గిన్నె.

"నువ్వొస్తావని రెండు గంటలు ఆపించినాన్రా. మొహం మీద గుడ్డ కప్పనియ్యనేదు, తమ్ముడొస్తాడు, సూసుకోవాల అన్నాను. నువ్వు అన్నం వండుతన్నావా?"

బావ ఇంకా మెల్లగా అన్నాడు.

"దాని మీద ఏడుపు నేనోడివి నువ్వేనేట్రా?"

అది తిట్టు కాదు. నిజంగానే అడిగాడు. నేను వాకిట్లో మట్టిలో కూలబడి ఏడిచాను, కాని తపేలా పట్టుకొచ్చినవాడి ఏడుపుకి ఆ వాకిట్లో చోటు లేదు. ఎవరూ నన్ను పట్టుకోలేదు. బావ తపేలా నా చేతుల్లోంచి తీసుకుని గడప లోపల పెట్టాడు. అందరికీ విస్తళ్ళు వేయించాడు. తనూ కూర్చుని, పెద్దలు తిన్నట్టే తలొంచుకుని నాలుగు ముద్దలు తిన్నాడు. చారులో ఉప్పు వేయడం మరిచానని నాకు తరవాత శాంత చెప్పింది. ఎవరూ ఉప్పు అడగలేదట.

మా నాన్నలూ తాతలూ చదువు లేనివాళ్ళు, జెండా రంగు కూడా గుర్తుండని వాళ్ళు. తగువుకి ఎక్కడ గడప ఉందో వాళ్ళకి తెలుసు. దాని ఇవతల ఎంతైనా తిట్టుకునేవారు, మనిషి పోతే గడప దగ్గర తపేలా దించేవారు. నాకు చదువుంది, సిద్ధాంతముంది, అరచేతిలో అమెరికా అంతా ఉంది. నేను ఆ తపేలాని తీసుకెళ్ళి తమ్ముడు నిలబడాల్సిన చోట దింపాను. మా వీధుల పార్టీలు మనుషుల్ని ఇంత దూరం చేయలేదు. మేం చూడని దేశంలో, మా పేర్లు తెలియని రెండు పార్టీలు చేశాయని అందామంటే అదీ అబద్ధమే, చేసింది నేనే. అక్క మొహం ఇప్పుడు నాకు ఎంత కళ్ళు మూసుకున్నా పూర్తిగా రావడం లేదు. గృహప్రవేశం నాడు నవ్విన నవ్వు వస్తోంది, తరవాత చెరిగిపోతోంది.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ పదకొండో రోజు. శాంత పొద్దున్నే వెళ్ళింది. నేను వెళ్ళలేదు. వెళ్తే తపేలా నా చేతికే ఇస్తాడేమోనని భయపడ్డాను. వెళ్ళకపోతే మరిచిపోతాడేమో, ఏ మూలో పడేసి ఉంచేస్తాడేమో, కోపంతోనైనా ఉంచేసుకుంటాడేమో అని ఆశ పడ్డాను. ఉత్త తపేలా పంపినా ఓర్చుకుంటాను, నా మీద అంత కోపం ఉందంటే ఇంకా నేను ఆయనకి ఏదో ఒకటి అవుతాను గదా అనుకున్నాను. సాయంత్రం అయిదింటికి ఆటో ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. శాంత దిగుతోంది, ఆవిడ చంకలో తెల్లగుడ్డలో చుట్టిన గుండ్రటి మూట ఉంది.

శాంత దాన్ని నా ముందు బల్ల మీద పెట్టింది. గుడ్డ విప్పాను. అద్దంలా తోమి ఉంది. మూత తీశాను. అడుగున ఒక పిడికెడు బియ్యం, సరిగ్గా ఒక్క పిడికెడు. ఎక్కడా తప్పు లేదు. రివాజు ప్రకారం పంపాడు, నీ అన్నం తిన్నాం, మనిషికి మనిషి ఉన్నాడని. మీ బావగారే తోమారు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు అంది శాంత. బాగానే మాట్లాడారా అని అడిగాను. బాగా మాట్లాడారండీ, ఎంతో మర్యాదగా మాట్లాడారు, మీ ఒంట్లో ఎలా ఉందని కూడా అడిగారు అంది. ఏమని అడిగాడు, ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పు అన్నాను. ఆవిడకి చెప్పడం ఇష్టం లేదు. చెంగుతో తపేలా అంచు తుడిచి, ఆఖరికి చెప్పింది.

"సూర్యనారాయణగారు కులాసాగా ఉన్నారా అని అడిగారు."

నన్ను ఒరే సూరీ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో మొన్నటి దాకా ఇద్దరే ఉండేవారు. అక్క ఏటిగట్టున కాలిపోయింది, నేను చూడలేదు. బావ ఇవాళ నాకు గారు తగిలించాడు.